ముందోడి నుదురు

పెట్టెలోకి నీళ్ళు రాకూడదు. చెప్పుకోవడానికి ఇంతే పని. ఈ ఇంతే పనికి మైలపల్లి రూపవతి తన వయసులో మంచి భాగమంతా ధారపోసింది. వచ్చిన సంబంధాలను వెనక్కి పంపింది, పండగలకు ఊరికి వెళ్ళడం మానేసింది, కళ్ళజోడు తెచ్చుకుంది. చివరికి నీళ్ళు రాని పెట్టె చేసింది. ఆ పెట్టెను నమ్ముకునే ఆమె తమ్ముడు లోవరాజు నీళ్ళలో పోయాడు.

నాలుగు వైపులా రబ్బరు వేసి మరలు బిగిస్తే సరిపోదా అనుకుంటారు తెలియనివాళ్ళు. విశాఖలో ఆమె పనిచేసే ప్రయోగశాలకు వచ్చిన పెద్దమనుషులందరూ ఇదే మాట అనేవారు. అన్నవాళ్ళందరికీ రూపవతి ఒక తమాషా చూపించేది. గట్టిగా బిగించిన పెట్టెను ఆమె సహాయకుడు మస్తాన్ పెద్ద దీపాల కింద పెట్టి, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కించేవాడు. ఆ వేడిమీదే తీసి ఐసునీళ్ళ తొట్టిలో పడేసేవాడు. లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుపోయేది. ముడుచుకున్న గాలి ఖాళీని నింపుకోవడానికి ఏదో ఒకటి లాక్కోవాలి కదా. రబ్బరు అంచుల్లోంచి, వైర్లు దూరే సందుల్లోంచి అది నీళ్ళనే లాక్కునేది. మూత తీసి చూస్తే అడుగున గుక్కెడు నీళ్ళు ఉండేవి.

"బిగించినకొద్దీ తాగుతుందండీ ఇది," అనేవాడు మస్తాన్, వచ్చినవాళ్ళ మొహాలు చూసి సరదా పడుతూ. "సముద్రం మీద రోజూ ఇదే వరస. పొద్దంతా ఎండ, తర్వాత నెత్తిన ఒక కెరటం."

కాబట్టి పెట్టె ఊపిరి తీసుకోవాలి. గాలి ఆడాలి, నీళ్ళు దూరకూడదు. బజారులో దొరికే ప్లాస్టిక్ పొరలతో కొన్నాళ్ళు కుస్తీ పట్టారు. ఉప్పు పేరుకుని అవి మూసుకుపోయేవి. అప్పుడు రూపవతికి ఆల్చిప్పలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఏటి ఒడ్డున ఏరుకొచ్చి ఉడకేసుకున్న ఆల్చిప్పలే. వాటి మొప్పల నుంచి కణాలు తీసి, సన్నని జల్లెడ మీద పెంచి, ప్రాణమున్న పొర తయారుచేసింది. నీళ్ళు తగిలితే ఆ పొర బిగుసుకుంటుంది. గాలి తగిలితే తెరుచుకుంటుంది. మీద పడ్డ ఉప్పును తనే విదిల్చుకుంటుంది. గాలిలో ఉండే తేమా, ఆ తేమలో ఉండే నలుసులూ దాని తిండి. భూతద్దం కింద చూస్తే నిద్రపోతున్న పసిపిల్ల పొట్టలా మెల్లగా లేచి పడుతూ ఉండేది.

దాన్ని చంపడానికి వాళ్ళు చేయని ప్రయత్నం లేదు. డీజిలు పోశారు. చేపల నెత్తురు పోశారు. కాకిరెట్ట తెచ్చి పూశారు. పడవల మీద ఉండేవి ఇంకేమున్నాయని రూపవతి కూర్చుని ఆలోచించి, చుట్ట నమిలి ఊసిన ఉమ్మి దగ్గర నుంచి కల్లు దాకా ఒక్కటీ వదలకుండా పోయించింది. పొర అన్నిటికీ కాస్త ముడుచుకుని మళ్ళీ తెరుచుకుంది. సంస్థ అధిపతి డాక్టర్ కౌండిన్య వచ్చి చూసి, "దీన్ని చంపే వస్తువు సముద్రం మీద లేదు రూపవతీ," అన్నాడు. ఆయన అన్నమాట నిజమే. ఆ వస్తువు వంటింట్లో ఉంటుంది.

పెట్టె తెల్లని గుమ్మటంలా ఉండేది. మనిషి లేకుండా నడిచే పడవకు బుర్ర అందులోనే ఉంటుంది; ఆ పడవ ముక్కు మీద దాన్ని కూర్చోబెట్టారు. ఎత్తులో ఉంటే కెరటాలు తక్కువ తగులుతాయి, ముందుకు తిరిగి ఉంటే గాలి బాగా ఆడుతుంది. అందుకని పొర ఉండే చోటు గుమ్మటానికి ముందువైపున, కాస్త పైన, నట్టనడుమ వచ్చింది. రూపాయి బిళ్ళంత గుండ్రని గుంట. లెక్క ప్రకారం అంతకన్నా మంచి చోటు లేదు.

*

గుల్లదిబ్బ రూపవతి పెరిగిన పల్లె. ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కనే ఉంటుంది. ఆ మొగలో ఇసుక తిన్నెలు ఒకచోట నిలిచి ఏడవవు. నిన్న పడవ దూరిన దారి ఇవాళ ఉండదు. వేట ముగించుకుని వచ్చే పడవలు ఇళ్ళు కనిపించే దూరంలో తిన్నెకు తగిలి బోల్తా కొట్టడం అక్కడ ఏటా ఉండేదే. రూపవతి తండ్రి అలాగే పోయాడు. తల్లి అప్పటికే లేదు. పిన్ని గైరమ్మ చంకనేసుకుని తన ఇంటికి తెచ్చుకుంది. కొడుకు లోవరాజుకు ఎంత పెట్టిందో ఈ పిల్లకూ అంతే పెట్టింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి ఇంజినీరింగు చదివించింది.

మనిషి లేకుండా నడిచే ఈ పడవ మొగలో ముందు వెళుతుంది. నీటి అడుగుకు శబ్దం పంపి, తిరిగొచ్చే చప్పుడును బట్టి లోతు తెలుసుకుంటుంది. లోతున్న చోటునే పోతుంది. వెనకాల వేట పడవలు వరసగా దాన్ని పట్టుకుని వస్తాయి. సంస్థవాళ్ళు దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. పల్లె మాత్రం మొదటిరోజే "ముందోడు" అనేసింది.

మొదటి ముందోణ్ణి తన పల్లెకే ఇవ్వాలని రూపవతి పట్టుబట్టింది. నీట్లోకి దింపేరోజు పల్లె అంతా ఒడ్డునే ఉంది. గైరమ్మ కొత్త చీర కట్టుకుని, కంచు గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె చెయ్యి మంచిదని పల్లెలో పేరు. కొత్త పడవైనా కొత్త వలైనా ఆమె బొట్టు పెట్టందే సముద్రంలోకి దిగదు.

"ఓలమ్మ, ఇంత తెల్లగున్నాడేటే ఈడు! దిష్టి తగిలిపోద్ది," అంది గైరమ్మ ముందోడి చుట్టూ తిరుగుతూ.

"యంత్రానికి దిష్టేంటి పిన్నీ!"

"నీకేటి తెల్సు, ఊరుకో. మనిషికైతే పారిపోడానికి కాళ్ళున్నాయి. ఈడికవీ నేవు."

గిన్నెలోకి తొంగిచూసింది రూపవతి. పసుపు ముద్ద నిగనిగలాడుతోంది. వేలితో తాకితే బంకలా సాగింది. "ఇదేంటి, ఇంత జిగురుగా ఉంది?"

"ఉత్త పసుపైతే మొదటి కెరటానికే ఎల్లిపోద్ది గదా. మీ సిన్నాన్న కర్ర పడవ అతుకులకి రాసే గుగ్గిలం ఉంది. నువ్వుల నూనెలో కాసి కలిపినాను. ఇంక సముద్రం కడిగినా పోదు."

రూపవతి నవ్వింది. "నాకన్నా నువ్వే పెద్ద ఇంజినీరువి పిన్నీ."

గైరమ్మ ముందోడి ఒళ్ళంతా పసుపు గీతలు పెట్టింది. ఆఖరున గుమ్మటం ఎదుట నిలబడింది. గుండ్రని గుంట చూసి ఆమె మొహం విప్పారింది.

"నుదురొగ్గీసినావు గదే! బొట్టు కోసమని నువ్వే సోటుంచినావు. ఎంత సదువుకున్నా మన పిల్లవే," అని బొటనవేలితో పసుపు ముద్ద తీసి ఆ గుంట నిండా అద్దింది. మధ్యలో కుంకుమ పెట్టింది.

రూపవతి అక్కడే ఉంది. చేతికందే దూరంలో ఉంది. ఆ గుంట దేనికో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆమె. అయినా ఆపలేదు. ఆపాలని తోచలేదు. పుట్టినప్పటి నుంచి ప్రతి పడవ మీదా ప్రతి గుమ్మం మీదా చూసిన పసుపు ఆమె కంటికి విడిగా ఒక వస్తువులా ఎప్పుడూ కనిపించలేదు. కనిపించి ఉంటే డీజిలుతో పాటు దాన్నీ పరీక్షలో పెట్టి ఉండేది. ఆ పూట ఆమె ఇంజినీరు కాదు, ఆ ఇంటి పిల్ల. నాన్న గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటోంది.

"అప్పా," అని అక్కను పిలిచాడు లోవరాజు, తన పడవ మీద నుంచి. ముందోడి వెనకాల మొదటి పడవ అతనిదే. "ఈడు ముందెల్తాంటే నాను ఎనకాల తొంగోవచ్చా?"

"తొంగోరా. దారి వాడు చూసుకుంటాడు."

ఒడ్డునున్నవాళ్ళందరూ నవ్వారు.

*

కొన్నాళ్ళు అంతా బాగానే జరిగింది. చలికాలం కాబట్టి పెట్టె పెద్దగా వేడెక్కలేదు. పసుపు కింద పొర ఎప్పుడో చచ్చిపోయింది. కానీ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఊపిరాడని పెట్టె గట్టిగా బిగించిన పెట్టెలాగే పనిచేసింది. గైరమ్మ ప్రతి శుక్రవారం పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టేది. ముందోడు ఒక్కసారి కూడా దారి తప్పలేదు. అంతకుముందు మొగ దగ్గరికి రాగానే పడవ నడిపేవాడు నిలబడి నీటి రంగు చూసేవాడు, నురగ ఎక్కడ లేస్తోందో చూసేవాడు. ఇప్పుడు ఆ శ్రమెందుకు? కూర్చుని బీడీ కాల్చుకుంటూ ముందోడి తోక చూస్తే చాలు. ఆ చలికాలమంతా మొగలో ఒక్క ప్రాణం పోలేదు. రూపవతి ఫొటో పత్రికల్లో వచ్చింది. గైరమ్మ ఆ కాగితం కత్తిరించి అద్దం పక్కన అంటించుకుంది.

ఎండలు ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగి, ఉన్నట్టుండి ఈశాన్యంలో మబ్బు లేచింది. గాలివాన తరుముకొస్తోంటే పడవలన్నీ మొగ వైపు పరుగెత్తాయి. ముందోడు ఎప్పటిలాగే ఎదురొచ్చి ముందు నిలిచింది. పొద్దుటి నుంచి కాలిన పెట్టె మీద చల్లని కెరటం విరుచుకుపడింది. మస్తాన్ తొట్టిలో రోజూ జరిగే తమాషాయే అక్కడ జరిగింది. పెట్టె గుక్కెడు నీళ్ళు తాగింది.

ముందోడు ఆగిపోయి ఉన్నా బాగుండేది. ఆగలేదు. లోతు చూసే తెలివి పోయింది, నడిచే బలం మాత్రం మిగిలింది. నేరుగా ఎడమ తిన్నె మీదికి తిరిగింది. వెనకాల లోవరాజు తిరిగాడు. వానలో వాడి కంటికి కనిపించేది ఆ తెల్ల గుమ్మటం ఒక్కటే. పక్క పడవలో ఉన్న ముసలాయన ఒకడు "ఒరే, నురగరా, నురగ!" అని గొంతు చించుకున్నాడట. వినపడలేదో, విన్నా ముందోడి మీద నమ్మకంతో తీసిపారేశాడో తెలియదు. పడవ తిన్నెకు కొట్టుకుని తిరగబడింది. తోటివాళ్ళిద్దరూ ఈదుకుని ఒడ్డెక్కారు. లోవరాజు కాలికి వల చుట్టుకుంది.

మర్నాడు శవం దొరికింది. ఊరంతటికీ బొట్టు పెట్టిన చెయ్యి కొడుకు మొహం మీద ఇసుక తుడిచింది.

*

ముందోణ్ణి లారీలో ప్రయోగశాలకు తెచ్చారు. రూపవతి దినవారాలకు కూడా ఉండకుండా వచ్చేసింది. ఏడవడానికి కూడా తీరిక ఇవ్వని పని ఒకటి ఉందని మనసులో సంతోషించిందేమో, ఎవరు చెప్పగలరు!

మస్తాన్ మరలు విప్పాడు. అడుగున నీళ్ళున్నాయి. బోర్డులన్నీ పచ్చగా చిలుం పట్టాయి. రబ్బరు అంచుల్లో తప్పు లేదు. వైర్లు దూరే చోట తప్పు లేదు.

"పొర మూసుకుపోయిందండీ," అన్నాడు మస్తాన్ గుంటలోకి దీపం వేసి. "ఏదో గట్టిగా పట్టేసింది. తుప్పా ఇది? పసుప్పచ్చగా ఉంది."

రూపవతి సూదితో కాస్త గీకి వేలి మీద వేసుకుంది. అప్పటికీ తెలియలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. గుగ్గిలం వాసన, నువ్వుల నూనె వాసన, వాటి వెనకాల పిన్ని వంటింటి వాసన వచ్చింది. ఆమె ఆ వేలిని మళ్ళీ వాసన చూసింది.

"ఏమైందండీ?"

"మస్తాన్, క్యాంటీన్‌కి వెళ్ళి కాస్త పసుపు అడిగి తీసుకురా."

అతను తెచ్చాడు. కొత్తగా పెంచిన పొరను భూతద్దం కింద పెట్టి, పసుపు నూనెలో కలిపి, రూపవతి తన బొటనవేలితోనే అద్దింది. పొర మామూలుగా ముడుచుకుంది. ఇద్దరూ అది తెరుచుకునే దాకా ఎదురుచూశారు. తెరుచుకోలేదు. ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉండి, అంచుల నుంచి లోపలికి రంగు మారుతూ, లేచిపడడం మానేసింది. కోసుకున్న వేలికి పసుపు ఎందుకు అద్దుతారో చదువుకోని వాళ్ళకూ తెలుసు. కంటికి కనబడని పురుగును చంపుతుందనే. వాళ్ళు ఇంత ప్రేమగా పెంచిన పొర కూడా దాని లెక్కలో ఒక పురుగే.

"బొట్టు!" అన్నాడు మస్తాన్. అతనికీ అర్థమైంది. "ఎవరు పెట్టారండీ?"

రూపవతి లేచి చేతులు కడుక్కుంది. సబ్బుతో మళ్ళీ కడుక్కుంది.

*

డాక్టర్ కౌండిన్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ తేలిగ్గా ఉండేది. ఆయన పొర ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మన పెట్టెలో లోపం లేదన్నమాట."

"లోపం ఉంది సర్. నుదురు లాంటి చోటు చేసి, బొట్టు పెట్టేవాళ్ళ చేతిలో పెట్టాం. అది లోపం కాదా?"

"నివేదికలో అలా రాయలేం రూపవతీ. స్థానికులు పరికరం మీద పూజా ద్రవ్యాలు పూయడం వల్ల ప్రమాదం జరిగిందని రాస్తాం. అది నిజమే కదా."

"ఆ స్థానికులు మా పిన్ని."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చనిపోయినవాడి తల్లి సర్. ఆ నివేదిక పత్రికల్లో వస్తుంది. పల్లెలో ఎవడో ఒకడు చదివి చెబుతాడు. నీ చెయ్యే నీ కొడుకుని చంపిందని చెబుతాడు. ఆవిడ బతుకుతుందా?"

"మరి ఏం రాయమంటావు? యంత్రమే తప్పని రాస్తే అన్ని రేవుల్లోనూ దీన్ని ఆపేస్తారు. ఈ ఏడు ఎంతమంది మొగ దాటి ఇంటికెళ్ళారో నీకు తెలుసు. వాళ్ళ సంగతేమిటి?"

ఆ ప్రశ్నకు రూపవతి దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. ఆయన దగ్గరికి వచ్చేముందే దాన్ని తయారుచేసుకుంది.

"జిగురు తప్పని రాయండి. పొరను అంటించడానికి నేను పరీక్షించని జిగురు వాడానని, మిగతా పెట్టెలన్నిటికీ వేరే జిగురు వాడామని రాయండి. తప్పు నాది. నేను సంతకం పెడతాను."

కౌండిన్య ఆమె మొహంలోకి చూశాడు. వద్దని ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. యంత్రం బతకాలంటే తప్పు మనిషి మీద పడాలి. ఆ మనిషి తనంతట తను వచ్చి నిలబడితే ఏ సంస్థ మాత్రం కాదంటుంది? రూపవతిని ప్రయోగశాల నుంచి తీసేసి సామాన్ల గోదాములో వేశారు. పెట్టె మీద ఆమె పేరు తీసేశారు.

*

గైరమ్మకు ఈ మాట తనే వెళ్ళి చెప్పింది రూపవతి. ఒడ్డున వలలు ఆరబెట్టే చోట, పదిమందీ ఉండగా చెప్పింది.

"తప్పు నాది పిన్నీ. జిగురు సరిగ్గా చూడలేదు. అందుకే నీళ్ళు దూరాయి. లోవ నా వల్లే పోయాడు."

గైరమ్మ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత ఒంగి రెండు చేతులా ఇసుక ఎత్తింది. దుమ్మెత్తిపోయడం అంటే మాటవరసకు అనుకుంటారు పట్నంవాళ్ళు. ఆ పల్లెలో నిజంగానే పోస్తారు.

"నీ సేతులు పడిపోనూ! నీ కడుపు కాలిపోనూ! కూడు పెట్టి పెంచినాను గదే! నా గుంటణ్ణి పొట్టనెట్టుకున్నావు గదే! తొంగోరా, ఈడు సూసుకుంతాడన్నావు గదే ముండా!"

ఇసుక జుట్టులో పడింది, కళ్ళలో పడింది. రూపవతి కదలలేదు. పిన్ని భర్త పెంటయ్య వచ్చి పట్టుకునే దాకా గైరమ్మ ఆపలేదు. బస్సెక్కాక కూడా రూపవతి నోట్లో ఇసుక పలుకులు తగులుతూనే ఉన్నాయి. అయినా మనసు తేలికపడింది. ఏం కావాలని వెళ్ళిందో అది దొరికింది.

తర్వాత పెంటయ్య అప్పుడప్పుడూ దొంగచాటుగా ఫోను చేసేవాడు.

"ఎలా ఉంది చిన్నాన్నా?"

"ఏటి సెప్పీది అమ్మా. పొద్దు లేస్తే నిన్ను తిడతాది. తిడతన్నంతసేపూ బాగుంతాది. ఆ కోపం మీదే లేస్తాది, కూడొండుతాది, తింతాది. తిట్టడం ఆపితేనే నాకు బయం."

"తిట్టనీ చిన్నాన్నా. ఆపొద్దు."

"నీకు నొప్పెట్టదేటమ్మా?"

పెడుతుంది. గోదాములో మరల డబ్బాలు సర్దుతూ, పిన్ని తిట్లను తలుచుకుని ఎన్నోసార్లు ఏడ్చింది. జీవితంలో అమ్మ అని పిలవకపోయినా అమ్మే అయిన మనిషి తన పేరెత్తితే ఉమ్మేస్తోంది. కానీ ఆ మనిషి బతికుంది, కూడు తింటోంది. తను చేసిన పెట్టెల్లో నీళ్ళు రానిది ఈ అబద్ధం ఒక్కటే అనుకునేది రూపవతి. దీన్ని జాగ్రత్తగా బిగించింది. ఎక్కడా సందు లేదు.

*

మరుసటి చలికాలం మొదలవుతుండగా మస్తాన్ గోదాముకు వచ్చాడు.

"గుల్లదిబ్బకి కొత్త ముందోడు వెళ్ళిందండీ. పొద్దున్నే లారీ ఎక్కించారు. మీకు చెప్పారో లేదోనని..."

"పొర ఎక్కడ పెట్టారు?"

"అక్కడే. చోటు మారిస్తే గాలి చాలడం లేదట. మీద జాలీ వేశారు." అతను నసిగాడు. "ఒక రేకు కూడా కొట్టారండీ. చదువు రానివాళ్ళకి అర్థం కావాలని బొమ్మ వేయించారు. చెయ్యి, వేలి మీద బొట్టు, దాని మీద అడ్డంగా ఎర్ర గీత."

రూపవతి చేతిలో డబ్బా జారిపోయింది. మరలన్నీ నేలమీద దొర్లాయి. వాటిని తొక్కుకుంటూనే బయటికి పరుగెత్తింది.

బస్సులో దారంతా ఏం చెప్పాలో ఆలోచించుకుంది. ఆ బొమ్మ వేరే పల్లె కోసమని చెప్పాలి. వట్టి జాగ్రత్త కోసమని చెప్పాలి. ఏదో ఒకటి చెప్పాలి. ముందు తను చేరాలి, అంతే. పిన్ని ఎలాగూ యంత్రం దగ్గరికి రాదని కూడా అనుకుంది. కొడుకుని మింగిన దాని మొహం చూస్తుందా?

కానీ గైరమ్మ వచ్చింది. పల్లె ఆడవాళ్ళు వెళ్ళి బతిమాలారు. ఎంత జరిగినా నీ చెయ్యి మంచిదే, నీ బొట్టు లేకుండా మా మగాళ్ళని దాని వెనకాల ఎలా పంపుతామని చేతులు పట్టుకున్నారు. ఆమె చాలాసేపు కాదని, చివరికి లేచి గిన్నెలో పసుపు కలిపింది. రూపవతి ఇసుకలో పడుతూ లేస్తూ ఒడ్డుకు చేరేసరికి గైరమ్మ గుమ్మటం ఎదురుగా నిలబడి ఉంది. ముద్ద తీసిన బొటనవేలు గాలిలోనే ఆగి ఉంది.

"ఇదేటి బాబూ?" అని అడుగుతోంది, సంస్థ తరఫున వచ్చిన కుర్ర ఉద్యోగిని. "ఈ సెయ్యి బొమ్మేటి? గీత కొట్టీసినారేటి?"

"అక్కడ పసుపు కుంకుమ పెట్టకూడదమ్మా," అన్నాడతను మర్యాదగా. మంచి కుర్రాడు, ఓపికగా విడమరిచి చెప్పాడు. "అక్కడున్న పొరతోనే ఇది ఊపిరి తీసుకుంటుంది. పసుపు పడితే చచ్చిపోతుంది, లోపలికి నీళ్ళొచ్చేస్తాయి. పోయినసారి అలాగే జరిగిందట. ఎవరో బొట్టు పెట్టేశారు."

ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు. గైరమ్మ తన బొటనవేలు వైపు చూసుకుంది. తర్వాత గిన్నె వైపు చూసింది. గిన్నెను మెల్లగా ఇసుక మీద పెట్టి, వెనక్కి తిరిగింది. రూపవతి కనిపించింది.

"నీకు తెల్సునా?" అంది.

దారంతా కూడబెట్టుకున్న అబద్ధాలన్నీ వదిలేసి, రూపవతి తల ఊపింది.

"జిగురన్నావు."

"పిన్నీ, తప్పు నాదే. ఆ చోట పొర పెట్టింది నేను. నువ్వు బొట్టు పెడుతుంటే పక్కనే ఉన్నాను. నేను తెలుసుకోవాలి కదా, నువ్వు కాదు..."

"నీకు తెల్దు. నాకూ తెల్దు." గైరమ్మ గొంతు చాలా మామూలుగా ఉంది. "తెల్సిన్నాడు నువ్వు ఒచ్చి నా దుమ్ము తిన్నావు. ఇన్నాళ్ళూ తిన్నావు."

దగ్గరికి వచ్చింది. పసుపు చెయ్యి పైకెత్తి రూపవతి బుగ్గ మీద పెట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు టక్కున వెనక్కి తీసుకుంది. ఆ చేతిని చీర కొంగుతో తుడిచింది. గుగ్గిలం కలిపిన పసుపు, పోలేదు. ఇంకా గట్టిగా తుడిచింది. రూపవతి ఆ చెయ్యి పట్టుకుంది. గైరమ్మ విడిపించుకుంది.

"నాకు నువ్వుండినావు తిట్టుకోడానికి. దానిమీదే బతికినాను. ఇప్పుడు నన్నెవులు తిడతారే?"

"పిన్నీ..."

"నువ్వు తిట్టే. నాను తిట్టినట్టే తిట్టే." ఆమె కూలబడి, రూపవతి పాదాల దగ్గరున్న ఇసుకను గుప్పిట్లోకి తీసి, రూపవతి చేతిలో పోసి, ఆ వేళ్ళను తనే మూసింది. "నా తమ్ముణ్ణి పొట్టనెట్టుకున్నావని తిట్టే. ఒక్కపాలి. నీ కాళ్ళకి దండమెడతాను, తిట్టే తల్లీ."

ముందోడు నీట్లోకి దిగింది. పడవలు ఒకటొకటిగా దాని వెనకాల బయల్దేరాయి. రూపవతి గుప్పిట్లోని ఇసుక వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. పిన్ని మొహం పైకెత్తి ఎదురుచూస్తోంది. రూపవతికి ఒక్క తిట్టూ నోటికి రాలేదు.